ఒకే ఇంట్లోంచి రెండు అర్జీలు

ఇడ్లీ రెండో వాయి దించుతున్నాను. ఆవిరికి కళ్ళజోడు మసకేసింది. ఆ మసకలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"అమరా, ఆ మద్రాసు ఉద్యోగానికి నా అర్జీ రాసిపెట్టు. అట్నే నీదీ ఒకటి రాసుకో. ఇద్దరం పెడదాం, పోయేదేముండాది?"

ఒక వాయికీ ఇంకో వాయికీ మధ్య ఇంత మాట అనేసి, ఆయన పెరట్లోకి ముఖం కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. నేను కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. మసక పోలేదు. అది అద్దాలకు పట్టింది కాదని అప్పుడు తెలిసింది.

సర్కారు వారి ప్రకటన పత్రికలో పడి వారమైంది. నేరాల చట్టాల్లో ఏది ఉంచాలి, ఏది దిద్దాలి, ఏది తీసి పారెయ్యాలి అని మద్రాసులో దొరలకు సలహా చెప్పడానికి ఒక వకీలు కావాలట. ఆడవాళ్ళు అర్జీ పెట్టకూడదని అందులో లేదు. పెట్టవచ్చనీ లేదు. కోర్టు తలుపు ఆడవాళ్ళకు తీసి పదేళ్ళయినా కాలేదు కనుక, మమ్మల్ని వద్దనాలన్న సంగతి రాసినవాళ్ళకు తోచి ఉండదు. ఆ కాగితాన్ని కందిపప్పు డబ్బా కింద పెట్టుకుని, పప్పు ఏరినప్పుడల్లా చదువుకున్నాను. పప్పులో రాళ్ళు మిగిలాయని మామగారు పళ్ళు పట్టుకున్నారు కూడా. మా ఆయన్ను ఎలా అడగాలా అని వారంగా వాదన కట్టుకుంటుంటే, నేను నోరు తెరవకముందే అవతలి పక్షం ఒప్పేసుకుంది. వకీలుకు ఇంతకంటే అయోమయం ఇంకొకటి ఉండదు. గెలిచానా? అసలు కేసే లేదా?

మా అత్త రాజాంబాళ్ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ అంతా విన్నది. "ఏందమ్మణ్ణీ, దొంగోళ్ళ సంగతి రాసేదానికి మద్రాసుకు పిలుస్తారంట? పో, బాగానే ఉండాది. మరి ఈడ ఇడ్లీ ఎవురు పోస్తారు?"

నన్ను పొమ్మన్నదో ఉండమన్నదో ఆ మాటలోనూ తేలలేదు.

నా పేరు అమరావతి, బి.ఏ., బి.ఎల్. పేరుకు తోక పొడుగే గానీ ఊపడానికి చోటు లేదు. మా నాన్న వేలూరులో లెక్కల అయ్యవారు. ఆడపిల్లకు అంత చదువు లెక్క తప్పుతుందని ఎవరు చెప్పినా వినక, నన్ను మద్రాసు పంపి చదివించి, గుడియాత్తం నేతగాళ్ళ ఇంటికి కోడలిగా ఇచ్చారు. ఇంట్లో మామగారు ఆదిమూలం మగ్గం మీద, ఆయన కొడుకు బాలచంద్రన్, అంటే మా ఆయన, కోర్టులో. నాకు పగలు చట్టం, పొద్దూకితే చట్టి. చట్టం దగ్గర సిరా, చట్టి దగ్గర మసి. చేతులు మాత్రం రెండుచోట్లా నల్లగానే ఉండేవి. వకాల్తా మీద సంతకం మా ఆయనది, లోపలి కాగితాల్లో రాత నాది. మొదటి ఏడు "నేర్చుకో" అన్నారు. తరవాత "ఒక ఇంటికి రెండు బోర్డులు యాడైనా ఉండాయా, జనం నవ్వుతారు" అన్నారు. ఆ తరవాత ఏమీ అననక్కర లేకపోయింది. మొగుడి పేరు నోటితో అనకూడదు గనక కోర్టులో "మా సీనియరు" అనేదాన్ని. జడ్జీలు మీసాల చాటున నవ్వుకునేవారు. నా పేరు అనకూడదన్న ఆచారం ఎక్కడా లేదు. అయినా ఎవరూ అనలేదు.

మా పని జరిగేది రైల్లో. పొద్దున్నే గుడియాత్తంలో ఎక్కి, కాట్పాడిలో దిగి, జట్కా కట్టించుకుని పాలారు వంతెన మీదుగా వేలూరు కోర్టుకు పోయేవాళ్ళం. టిఫిన్ క్యారియర్ విప్పి ఆయన ఇడ్లీ తింటారు, నేను కేసు చెబుతాను. విరించిపురం స్టేషను వచ్చేలోపల సంగతులు, లత్తేరి లోపల సెక్షన్లు, కాట్పాడి లోపల ముగింపు. ఆయన నోట్లో నా వాయి, చెవిలో నా వాయిదా. నా వంతు ఇడ్లీ చల్లారి రాయై, మధ్యాహ్నం కోర్టు వరండాలో బయటికి వచ్చేది. పిలుపు కోసం కూర్చున్న ముద్దాయిల పక్కనే నాకు ముద్ద దిగేది. ఒక మాట ఒప్పుకోవాలి. మా ఆయన గొంతు గొప్పది. నేను రాసిన వాక్యమే ఆయన నోట పలికితే, ఎవరో మహానుభావుడు అప్పుడే కనిపెట్టినట్టు ఉండేది. వెనక బెంచీలో కూర్చుని గర్వపడాలో కుళ్ళుకోవాలో తెలియక, రెండూ కొంచెం కొంచెం చేసేదాన్ని.

మా వీధి కుప్పమ్మ కేసు అలాంటిదే. మగ్గం మీద పాత పడుగు అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. వేళ్ళకు బూడిద అద్దుకుని, నడుము వంచి, వేల పోగులు. ఆ పని మా వీధిలో ఆడవాళ్ళది. దానికి కూలి లేదు. కూలికి బదులు ఒక ఆనవాయితీ ఉంది. అతికాక కోసి పారేసే జానెడు కొసలు అతికిన మనిషివి. ఆమె వాటిని దారం పేనుకుంటుందో, పరుపులవాడికి అమ్ముకుంటుందో ఆమె ఇష్టం. కుప్పమ్మ అమ్ముకుంది. నూలు ఇచ్చిన షావుకారు రంగస్వామి, అది నా నూలు, దొంగతనం అని కేసు పెట్టాడు. గుడియాత్తంలో శిక్ష పడింది. "ఒప్పుకొని జుల్మానా కట్టేస్తే పోయేది గదా" అన్నారు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. అత్త పక్కన కూర్చుని బూడిద చేతులతో చూసిందంతా అప్పీలులో రాశాను. వేలూరులో ఆయన లేచి గర్జించారు: "ఎవరి చేయి అతికిందో కొసలు ఆ చేతివి! షావుకారైనా, మగ్గం పెట్టిన మొగుడైనా, అడిగి తీసుకోవలసిందే!" కుప్పమ్మను వదిలేశారు. ఆమె కోర్టు మెట్ల మీద మా ఆయన కాళ్ళకు మొక్కి, నా వైపు తిరిగి, "అమ్మా, మీ ఇంటాయన దేవుడు" అంది. ఔనన్నాను.

ఇప్పుడు మద్రాసువాళ్ళు అర్జీతో పాటు ఒక వ్యాసం అడిగారు. నేడు నేరమనిపించుకుంటున్న దేన్ని నేరం కాదనాలి, ఎందుకు? ముందు ఆయనది రాశాను. చెయ్యి అలవాటుగా అటే పోయింది. కూలి లేని పనికి ఆనవాయితీగా వచ్చే మిగులును దొంగతనం అనకూడదని, కొసల సంగతితో మొదలుపెట్టి, చేలల్లో ఏరుకునే పరిగె గింజల దాకా రాశాను. బాగా వచ్చింది. తరవాత నాది రాయబోతే కలం కదల్లేదు. ఎంత తిప్పినా అదే ఆలోచన. నాకున్నది అదొక్కటే, దాన్ని ముందే ఇచ్చేశాను. నా తలలోదే నేను దొంగిలిస్తున్నట్టు బెదురు పుట్టింది. చివరికి వాక్యాలు మార్చి అదే రాశాను. రెండు కవర్లు అంటించి ఒకేసారి టపాలో వేసి, గుడికి పోయి నిలబడ్డాను. ఎవరి తరఫున వేడుకోవాలి? వాదికీ ప్రతివాదికీ ఒకే వకీలు నిలబడకూడదని చట్టం. పూజారి హారతి తెచ్చేలోపల కేసు వాయిదా వేసి వచ్చేశాను.

ఇద్దరికీ పిలుపు వచ్చింది. ఒకేరోజు, వేలూరులో, మద్రాసు నుంచి వచ్చే దొరల ఎదుట.

ఆ పిలుపు కాగితాలు వచ్చిన రోజు మా ఆయన రెండు వ్యాసాల నకళ్ళూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. తరవాత మెత్తగా, చాలా మెత్తగా అన్నారు. "అమరా, రెండూ ఒకటే మాదిరి ఉండాయే."

"ఔనండీ. రాసింది ఒకటే చెయ్యి కదా."

"దొరలు అడగరా? ఎవురిది చూసి ఎవురు రాసినారు అని? నేను ఏం చెప్పేది? మా ఇంటామె రాసిచ్చింది అనా? మొగోడు ఆ మాట అంటే ఉద్యోగం కాదు గదా, ఉన్న పేరు గూడా పోతాది. నువ్వయితే అనచ్చు. మా ఆయన దగ్గర నేర్చుకున్నా, ఆయనది చూసి రాసినా, అను. ఆడదానికి దాంట్లో ఏం తప్పుండాది? మెచ్చుకుంటారు గూడా."

"మరి నా అర్జీ?"

"మనిద్దర్లో ఎవురికొచ్చినా మనింటికి వచ్చినట్టే గదా, పిచ్చిదానా."

ఆయన గొంతులో మోసం లేదు. అదే నన్ను తికమక పెట్టింది. తిడితే ఎదురు తిట్టవచ్చు, కొడితే సెక్షన్ ఉంది. ఇంత ప్రేమగా అడిగితే ఏ సెక్షన్ కింద కాదనాలి? ఎవరికొచ్చినా మనింటికే. నిజమే. అయితే నాకొచ్చినా మనింటికే. మరి నాకెందుకు రాకూడదు? ఈ మాట పైకి అంటే ఇంట్లో గొడవ, అనకపోతే తలలో గొడవ. అర్జీ నాది, మర్జీ ఆయనది. బియ్యం కడుగుతూ సరే అనుకున్నాను, గంజి వారుస్తూ కాదనుకున్నాను. ఆయన చెప్పినట్టు ఒక్క మాట అంటే చాలు, ఇల్లు హాయిగా ఉంటుంది. ఆ ఒక్క మాట అంటే, ఇన్నేళ్ళుగా ఎవరూ అడగక ఊరకుండిపోయిన అబద్ధాన్ని నా నోటితో నేనే సాక్ష్యం చెప్పి ఖాయం చేసినట్టు అవుతుంది. ఏది పెద్ద నేరమో ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

దొరల ఎదుటికి పోవలసిన రోజు పొద్దున మా అత్త మగ్గం దగ్గర అతుకు ముగిస్తోంది. మామగారు మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసుకుని ఆమె కోసం కాచుకున్నారు. కోసిన కొసలు ఆమె ఒళ్ళో కుప్పగా ఉన్నాయి. మా ఆయన కోటు తొడుక్కుని హడావిడిగా వచ్చారు. టిఫిన్ క్యారియర్ కొక్కెం వదులై గిన్నెలు ఊగుతున్నాయి. కట్టడానికి ఒక గుప్పెడు కొసలు లాక్కున్నారు.

అత్త ఆయన చేతి మీద చటుక్కున ఒకటి వేసింది. "ఎవుర్ని అడిగి తీసినావు?"

"కొసలే గదమ్మా."

"కొసలే. అతికింది ఎవురు? నువ్వా? కావాలంటే మీ నాయన్ను అడుగు, ఆయప్పే ఒక్క పోగు కావాలంటే నన్ను అడగతాడు."

గుంటలోంచి మామగారు అన్నారు. "ఆమాప్పా, అడిగే తీసుకుంటా. అడక్కుండా తీస్తే ఆ పూట సంగటి ఉండదు."

మా ఆయన నవ్వేశారు. "సరే తల్లీ, అడగతా ఉండా. ఇస్తావా?"

"ఇస్తా. అడిగినావు గదా." కొసలు ఎంచి, బాగున్నవి చూసి ఆయన చేతిలో పెట్టింది. తరవాత నన్ను చూసింది. "నువ్వేంది అమ్మణ్ణీ, దిష్టిబొమ్మ మాదిరి నిలబడిపోయినావు? రైలు పోతాది, పో."

నిండు కోర్టులో గర్జించిన మాటే తన ఇంట్లో తన తల్లి నోట విని ఆయన నవ్వుకుంటూ గిన్నెలు కడుతున్నారు. ఎక్కడో విన్నట్టుందన్న ఆలోచన కూడా ఆయన ముఖంలో లేదు. ఉంటుందా? ఆ మాట ఆయన నోటి గుండా పోయిందే గానీ ఆయనలో ఉన్నది ఎప్పుడు?

రైలెక్కాం. కిటికీ పక్కన ఆయన, ఎదురుగా నేను, నా ఒళ్ళో క్యారియర్. రైలు కదలగానే, రోజూ అన్నట్టే, చెయ్యి చాచారు.

"ఊ, చెప్పు. కొసల సంగతి దొరలు అడిగితే యాడ మొదలుపెట్టేది?"

నా నోరు అలవాటుగా తెరుచుకుంది. మొదటి వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. నేను క్యారియర్‌కు కట్టిన కొసలు చూస్తూ ఉండిపోయాను. అత్త ఎంచి ఇచ్చినవి, అన్నీ మంచివే.

"ఏమైంది? చెప్పు."

"మీరు చెప్పమంటున్నారు. అడగలేదు."

ఆయన విస్తుపోయి చూశారు. తరవాత, పొద్దున తల్లితో నవ్వినట్టే నవ్వారు. "సరే తల్లీ, అడగతా ఉండా. చెప్తావా?"

ఆయన నన్ను అడగడం అదే మొదలు. అడిగిన మనిషికి జవాబు ఇవ్వడం మర్యాద.

"ఇవ్వాళ చెప్పనండీ. ఇవ్వాళ అది నాకే కావాలి."

విరించిపురం వచ్చింది, పోయింది. ఆయనకు కోపం వచ్చిందో, అర్థమే కాలేదో నాకు తెలియదు. ఆయన ముఖం మొదటిసారి నా ముఖంలా ఉంది. ఎటూ తేలనట్టు. పాపం అనిపించింది. పాపం అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఉద్యోగం ఇద్దరికీ కాక ఏ మూడోవాడికో పోవచ్చు. దొరలు నన్ను చూసి నవ్వవచ్చు. సాయంత్రం ఇంట్లో చట్టి ఎవరు పెడతారో, ఎవరు తింటారో కూడా తెలియదు. తెలిసింది ఒక్కటే. ఎవరు రాశారని లోపల దొరలు అడిగితే, "రెండూ నేనే రాశాను" అంటాను.

లత్తేరి దగ్గర ముడి విప్పాను. మూత తీయగానే ఆవిరి వచ్చి కళ్ళజోడు మసకేసింది. తుడుచుకోలేదు. పై గిన్నె ఆయన చేతిలో పెట్టి, కింద గిన్నె నా ఒళ్ళో పెట్టుకుని, ఒక ఇడ్లీ తుంచి నోట్లో వేసుకున్నాను. ఇన్నేళ్ళుగా నేను పోస్తున్న ఇడ్లీ వేడి మీద ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.