గ్రంథపాలకులు లేరు

ఫలక్‌నుమా రైల్వే స్టేషనుకు వెళ్లే దారిలో, వెల్డింగ్ షాపుకూ జిరాక్స్ సెంటరుకూ నడుమ ఒక చిన్న శాఖా గ్రంథాలయం ఉంది. పొద్దున ఎనిమిదింటికి కాశమ్మ తాళం తీసేసరికే గుమ్మం ముందు పదిమంది నిలబడి ఉంటారు. లోపలికి రాగానే దినపత్రిక కోసం యుద్ధం మొదలవుతుంది. ఆ లొల్లి పడలేక కాశమ్మ ఒక పద్ధతి పెట్టింది. పేపరును పేజీలుగా విడదీసి మనిషికొకటి చేతిలో పెడుతుంది. రైల్వేలో పనిచేసి రిటైరైన డానియేలుకు మొదట ఆటల పేజీ దక్కిందంటే, రాజకీయాలు తెలిసేసరికి పదకొండు దాటుతుంది.

"కాశమ్మా, మంత్రి ఏమన్నడో సగమే సదివిన. మిగిలిన సగం ఎవల దగ్గరున్నది?"

"నీ ఎనక కూసున్నాయన దగ్గరున్నది బాపు. నిద్రపోతున్నడు. లేవంగనే ఇప్పిస్త, ఫికర్ చేయకు."

పాఠకులారా, నవ్వితే నవ్వండి గానీ, ఈ పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పింది కాదు. అసలు ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు. ఈ కథలో చిక్కంతా అక్కడే ఉంది.

కాశమ్మ ఆ గ్రంథాలయంలో స్వీపరుగా చేరింది. తొమ్మిదేళ్ల కింద గ్రంథపాలకుడు రిటైరవుతూ, "కొత్తాయన వచ్చేదాక రెండు రోజులు చూస్కో" అని తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టి పోయాడు. కొత్తాయన రాలేదు. ఆ రెండు రోజులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. కాశమ్మ చదువు ఏడో తరగతి. అంతకు ముందు పన్నెండేళ్లు బాలకిషన్ సేఠ్ కిరాణా దుకాణంలో సరుకు సర్దింది. తనకు తెలిసిన విద్య అదొక్కటే కాబట్టి ఇక్కడా దాన్నే వాడింది. బరువైనవి కింద, తేలికవి పైన. బాగా పోయేవి ముందు, ఎవరూ అడగనివి వెనక. వంటల పుస్తకాలూ కుట్టుపని పుస్తకాలూ రాశిఫలాలూ గుమ్మానికి ఎదురుగా కొలువుతీరాయి. చరిత్రలూ నిఘంటువులూ చట్టాలూ అడుగు అరలో బియ్యం బస్తాల్లా పడి ఉన్నాయి. పుస్తకాల మధ్య వేపాకు పెట్టేది, నెలకోసారి ఎండకు పెట్టేది. ఆమె చేతిలో ఒక్క పుస్తకానికి చెద పట్టలేదు.

ఏటా వానలు మొదలయ్యే రోజుల్లో ఒక రిజిస్టర్ ఉత్తరం వచ్చేది. పైన 'గ్రంథపాలకులు గారికి' అని ఉండేది. పోస్ట్‌మన్ సాగర్ సంతకం పెట్టమనేవాడు.

"నేనెట్ల పెడ్త? గ్రంథపాలకులకు రాసిండ్రు. గాయన పోయి ఎన్నేండ్లాయె!"

"ఆఫీసు కాగితమే గదక్కా, ఇప్పి చూడరాదు?"

"ఒకలకొచ్చిన ఉత్తరం ఇంకొకలు ఇప్పుతరా? సిగ్గు శరం ఉండాలె. గ్రంథపాలకులు లేరని రాసి వాపస్ పంపు."

సాగర్ అలాగే రాసి పంపేవాడు. పరాయి ఉత్తరం ముట్టలేదన్న తృప్తితో ఆ పూట కాశమ్మ ఒక కప్పు చాయ్ ఎక్కువ తాగేది. తొమ్మిదేళ్లలో తొమ్మిది ఉత్తరాలు అలా తిరిగిపోయాయి.

ఈ ఏడు ఉత్తరం వెనక్కి వెళ్లిన వారానికి, గ్రంథాలయం ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి పై ఆఫీసు నుంచి వచ్చిన అమల అనే అధికారి, ఇద్దరు హమాలీలు, తాళం పగలగొట్టడానికి సుత్తి పట్టుకున్న ఒకతను దిగారు. తలుపు బార్లా తెరిచి ఉండటం చూసి సుత్తి అతను ఏం చేయాలో తెలియక దాన్ని వెనక దాచుకున్నాడు.

అమల లోపలికి వచ్చి, "ఇదేమిటి, ఎవరు మీరంతా?" అని గట్టిగా అడిగింది.

"ష్!" అన్నాడు డానియేలు, పేజీలోంచి తల ఎత్తకుండానే. "గీడ చప్పుడు చేయొద్దు. ముందుగల్ల రిజిస్టర్ల సంతకం పెట్టుండ్రి."

గ్రంథాలయాన్ని మూసేయడానికి వచ్చిన అధికారి, ఆ రోజు ముప్పై ఎనిమిదో పాఠకురాలిగా సంతకం పెట్టింది. పెట్టాక గానీ తాను వచ్చిన పని గుర్తుకు రాలేదు. గొంతు తగ్గించి చెప్పింది: "అమ్మా, ఈ గ్రంథాలయం ఎప్పుడో మూతపడిందని మా లెక్కల్లో తేలింది. పుస్తకాలు తీసుకుపోయి గది ఖాళీ చేయమని ఆర్డర్."

"బందైతే మరి వీళ్లంత యాడ కూసున్నరు మేడమ్?" అంది కాశమ్మ.

అమల ఫైలు విప్పి చూపించింది. అందులో తొమ్మిది కవర్లున్నాయి. ప్రతిదాని మీదా సాగర్ అక్షరాలే: గ్రంథపాలకులు లేరు.

"వాపస్ పంపింది నేనే," అంది కాశమ్మ, ఇంకా కొంచెం గర్వంగానే. "ఒక్కటి గూడ ఇప్పలే."

"అయ్యో, విప్పాల్సింది కదమ్మా! చిన్న గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లకు ఏటా ఐదు రోజుల శిక్షణ ఉంది. దానికి మనిషి వస్తే ఆ గ్రంథాలయానికి కొత్త పుస్తకాలకు, కుర్చీలకు, కంప్యూటరుకు నిధి ఇస్తారు. ఆ పిలుపులే ఇవి. తొమ్మిదేళ్లు పిలిచాం, ఎవరూ పలకలేదు. అందుకే మూతపడిందనుకున్నాం."

కాశమ్మ స్టూలు మీద కూలబడింది.

ఇంతలో హమాలీలు అడుగు అర ఖాళీ చేయడం మొదలుపెట్టారు. కిటికీ దగ్గర చదువుకుంటున్న అనూహ్య ఒక్కసారిగా లేచి వచ్చింది. ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇల్లు ఆమెది. సర్కారు కొలువు పరీక్షకు చదువుకోవడానికి ఆమెకు ఈ గది తప్ప ఇంకో చోటు లేదు. హమాలీ చేతిలోని లావుపాటి పుస్తకాన్ని లాక్కుని అట్ట చూసింది.

"ఆంటీ, ఇది రాజ్యాంగం బుక్కు! గీ బుక్కు కోసమే నాలుగు నెలలు మలక్‌పేట దాక బస్సు ఎక్కి పోయిన. అక్కడ గూడ రోజూ దొరకలే. పోయిన పరీక్షల మూడు మార్కులతోని కొలువు పోయింది. గిది గీడనే ఉన్నదా?"

"బరువున్నదని కిందేసిన బిడ్డా," అంది కాశమ్మ. ఇన్నేళ్లూ బిడ్డల్లా చూసుకున్న పుస్తకాలను తానే దాచిపెట్టానని ఆమెకు అప్పుడు తెలిసింది. చీపురు పట్టినంత శ్రద్ధగా పుస్తకం పట్టింది. పట్టడం ఎలాగో ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

ఆమె లేచి అమల ముందు నిలబడింది. "తప్పు నాది మేడమ్. నన్ను కొలువుల నుంచి తీసేయుండ్రి. గీ తలుపు మాత్రం బంద్ చేయకుండ్రి. వీళ్లకు ఇంకో జాగ లేదు."

అమల హమాలీలను ఆగమంది. బయటికి వెళ్లి ఆఫీసుకు ఫోన్ చేసింది. అరగంట మాట్లాడాక తేలిందేమంటే, ఒక సెక్షను లెక్కల్లో ఈ గ్రంథాలయం లేనే లేదు. పక్క సెక్షనులో దాన్ని ఊడ్చే మనిషికి మాత్రం నెలనెలా జీతం పోతోంది. మూసేసిన గ్రంథాలయాన్ని తొమ్మిదేళ్లుగా రోజూ ఊడిపిస్తున్నామని ఆ రెండు సెక్షన్లూ ఒకదానితో ఒకటి చెప్పుకోలేదు.

"అయితే సోమవారం శిక్షణకు కాశమ్మ పేరు రాయండి," అంది అమల.

"కుదరదు మేడమ్," అంది ఫోను. "శిక్షణ గ్రంథపాలకులకే."

"గ్రంథపాలకురాలు కావాలంటే ఏముండాలి?"

"శిక్షణ ఉండాలి మేడమ్."

"మరి మొదటివాడు ఆకాశంలోంచి పడ్డాడా?" అని అమల ఫోను పెట్టేసింది. అక్కడే కూర్చుని నివేదిక రాసింది: గ్రంథాలయం నడుస్తోంది, నడిపే మనిషి ఉంది, ఆమెకు పని నేర్పవలసిన బాధ్యత మనది. దరఖాస్తులో హోదా అన్న గడిలో 'నడుపుతున్నవారు' అని రాసి, తన పూచీ మీద సంతకం చేసింది. ట్రాలీ ఆటో ఖాళీగా తిరిగి వెళ్లింది. బేరం పోయిందని ఆటో అతను మాత్రం చాలాసేపు గొణిగాడు.

ఐదు రోజులు తలుపు ఎవరు తీస్తారన్న ప్రశ్న వచ్చింది. అనూహ్య తాళాలు తీసుకుంది. డానియేలు పేపరు పంచే బాధ్యత తీసుకుని, రాజకీయాల పేజీ తన దగ్గరే ఉంచుకున్నాడు.

సోమవారం శిక్షణ హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. కాశమ్మ చీర కొంగు నిండుగా కప్పుకుని చివరి వరుసలో కూర్చుంది. తానొక్కతే స్వీపరునని ఆమె భయం. అందరూ లేచి ఎవరేమిటో చెప్పుకోవడం మొదలైంది. మొదటాయన కాగితం మీద గ్రంథపాలకుడే, పనికి మాత్రం వాచ్‌మన్. రెండో ఆమె బడిలో వంట చేస్తూ మధ్యాహ్నం గ్రంథాలయం తెరుస్తుంది. మారుమూల పల్లె నుంచి వచ్చిన ఒకాయన పంచాయతీ నీళ్ల మోటారు వేసి, ట్యాంకు నిండేలోపు పుస్తకాలు ఇస్తాడట. ట్యాంకు పొర్లితే గ్రంథాలయం మూసేసినట్టేనట. హాలంతా నవ్వింది. అడిగి చూస్తే, పని నేర్చుకుని కొలువులోకి వచ్చినవాళ్లు ముప్పై మందిలో నలుగురే.

కాశమ్మ వంతు వచ్చింది. వేదిక మీద పెద్ద అధికారులున్నారు. ఆమె లేచి నిలబడింది.

"నా పేరు కాశమ్మ. ఫలక్‌నుమా లైబ్రరీ నేనే చూస్త. తెల్వక చేసిన పనికి ఒక ఆడపిల్ల కొలువు పోయింది. గా పాపం నాదే, కాదన. కానీ సార్లూ, తాళాలిచ్చిండ్రు, పుస్తకాలిచ్చిండ్రు, జీతమిచ్చిండ్రు, పని నేర్పుత రమ్మని నన్ను నా పేరు పెట్టి ఒక్కలు గూడ పిలవలే. పుస్తకాలకు నిధులియ్యుండ్రి, మంచిదే. అంతకంటే ముందుగల్ల, గా పుస్తకం తీసి చేతికిచ్చే మనిషి ఎవలో తెలుసుకోని, గా మనిషికి పని నేర్పుండ్రి."