ఉండ పగల్లేదు

పిడికిట్లో మట్టి నొక్కి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు మేస్త్రీ. చుట్టూ ఆరుగురు పారలు ఆపి అతని ముఖంలోకి చూస్తున్నారు. అతను వేళ్ళు విప్పి మట్టిని రాల్చి, "పోసెయ్యండి" అన్నాడు. తట్టలు లేచాయి.

అందరూ అతన్ని వేళ్ళ మేస్త్రీ అంటారు. పునాది తవ్వితే వచ్చిన మట్టిలోనే కాస్త ఇసుక, కాస్త సున్నం కలిపి, చెక్కల మధ్య పోసి, దిమ్మిసతో కొట్టి కొట్టి మూరెడు మందం గోడ లేపడం అతని పని. మండువేసవిలో కూడా లోపల చల్లగా ఉంచే గోడలు. మర్మమంతా నీళ్ళ దగ్గరే ఉంది. నేర్చుకునేవాళ్ళు తడిమట్టిని ఉండ చేసి భుజమెత్తు నుంచి వదులుతారు. నాలుగైదు ముక్కలైతే పదును కుదిరినట్టు. పొడిపొడి అయితే నీళ్ళు చాలనట్టు. పగలకుండా చదునైపోతే నీళ్ళు ఎక్కువైనట్టు. అలాంటి మట్టితో కట్టిన గోడ ఆరేకొద్దీ నెర్రెలు విచ్చి, ఏదో ఒక వానకి ఒరిగిపోతుంది. వేళ్ళ మేస్త్రీ ఉండ వేసి ఇరవై ఏళ్ళు దాటింది. "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండ బోర్లిస్తామా?" అని నవ్వేవాడు.

ఆరు నెలలుగా ఆ నవ్వు లేదు. వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. సున్నం కొరికిందిలే, అదే తగ్గుతుందనుకున్నాడు. తగ్గలేదు. ఈ ఉదయం పొయ్యి మీది టీ గిన్నెను ఉత్త చేత్తో దించాడు. భార్య కెవ్వుమంది.

"ఏమయ్యా, చెయ్యి కాలుతుంటే తెలీడం లేదా నీకు?"

"తెలుస్తోంది లేవే."

"ఏం తెలుస్తోంది, నా మొహం! బొబ్బ లేచింది చూడు. ఇవాళైనా వాళ్ళకి చెప్పు."

"చెప్తే, వేళ్ళు పనిచెయ్యని వేళ్ళ మేస్త్రీని ఎవడు పిలుస్తాడే?" అని చొక్కా తగిలించుకుని వచ్చేశాడు. మట్టి రంగు చూసి, పారకి అంటుకునే తీరు చూసి ఇన్నాళ్ళూ నెట్టుకొస్తున్నాడు. కళ్ళు మూసుకోవడం మాత్రం మానలేదు. అది జనం కోసం.

ఎనిమిదింటికి ఈ ఇల్లు కట్టించుకుంటున్నావిడ వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి సరాసరి ఇక్కడికే వస్తుంది. పన్నెండేళ్ళుగా రేకుల కింద ఉడుకుతూ, పగటిపూట కంటినిండా నిద్రంటే ఏమిటో ఎరగని మనిషి. ఛాతీ ఎత్తుకు లేచిన ఉత్తరం గోడకి చెంప ఆనించి నిలబడింది.

"అబ్బ, ఎంత చల్లగా ఉందో మేస్త్రీ గారూ! నా మంచం ఈ గోడవారే. పడుకున్నానంటే ఎవరు లేపినా లేవను చూడండి."

మేస్త్రీ గోడవైపు చూశాడు. ఆమె చెంపకి జానెడు కింద, వెంట్రుకంత నెర్రె ఏటవాలుగా పాకి ఉంది. నిన్న అది లేదు.

ఆమె వెళ్ళాక, పని చూసుకునే ఇంజనీరమ్మ కూడా నెర్రెను చూసింది. వయసులో చిన్నదైనా మాట పొదుపు. "పైపైదేనా మేస్త్రీ గారూ? సున్నం పూసేద్దామా? మీరెలా అంటే అలా."

"మధ్యాహ్నం చెప్తానమ్మా" అన్నాడు. ఔనంటే ఆ ఒక్క మాటతో అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

అందరూ భోజనాలకి చెట్టు కిందికి వెళ్ళారు. కొట్టెయ్యడం ఇష్టంలేక ఇంటి నక్షానే పక్కకి జరిపి ఉంచుకున్న చెట్టది. మేస్త్రీ వెళ్ళలేదు. పొద్దున తాను సరేనన్న మట్టి కుప్ప దగ్గర కూర్చుని, ఇరవై ఏళ్ళ తర్వాత ఉండ చేశాడు. లేచి భుజమెత్తు నుంచి వదిలాడు. థప్‌మని పడింది. పగల్లేదు. రొట్టెలా చదునైంది.

నమ్మబుద్ధి కాలేదు. ఇంకో ఉండ చేశాడు. ఈసారి పళ్ళు బిగించి, బలమంతా పెట్టి నొక్కుతూనే ఉన్నాడు.

"అదీ పగలదు బాబాయ్."

వెనక దిమ్మిసమ్మ. పదకొండేళ్ళుగా అతని గోడల మీద నిలబడి దిమ్మిస వేస్తున్న ఆడమనిషి. అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో.

"పది రోజుల నుంచీ చూస్తున్నా. దిమ్మిస వేస్తుంటే మట్టి కింద కూరుకోడం లేదు, పక్కకి జారుతోంది."

ఉండని తూర్పు కిటికీ గట్టు మీద పెట్టి గయ్యిమన్నాడు. "మరి నోట్లో ఏం పెట్టుకున్నావే ఇన్నాళ్ళూ?"

"నువ్వు సరే అన్నాక ఇంకెవరం ఏమంటాం బాబాయ్?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. అడుసు తొక్కడమే బతుకైనవాడికి ఆ సామెత ఏం పనికొస్తుంది? మేస్త్రీ తిన్నగా ఇంజనీరమ్మ దగ్గరికి నడిచాడు.

"ఉత్తరం గోడ తీసెయ్యాలమ్మా."

"ఎంతవరకూ?"

"మొత్తం. తప్పు నాది. నా వేళ్ళకి తెలియడం మానేసి ఆర్నెల్లయింది."

తిడుతుందేమోనని నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు. అతని చేతులవైపు, బొబ్బవైపు చూసి, నర్సుకి ఫోన్ చేసింది. నిద్రలోంచి లేచిన గొంతు అతనికీ వినిపించింది. "వానలొచ్చేస్తాయి కదండీ" అని మాత్రం అంది ఆవిడ. అతనికి ఆ క్షణంలో చచ్చిపోవాలనిపించింది.

మొదటి గునపం దెబ్బ తానే వేశాడు. లోపలి మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. సాయంత్రానికి గోడ మళ్ళీ కుప్పయింది. మట్టి గోడలో ఉన్న సుగుణం అదొక్కటే, తప్పు కడితే మళ్ళీ మట్టే అవుతుంది. మనిషికి ఆ వీలు లేదు. కుప్పని పలచగా పరిచి, ఎండిన మన్ను కలిపారు. దిమ్మిసమ్మ ఉండ చేసి వదిలింది. నాలుగు ముక్కలైంది.

అలవాటుకొద్దీ అందరూ మేస్త్రీ ముఖంలోకి చూశారు.

"నన్ను చూస్తారేంటర్రా? దాన్నడగండి" అని దిమ్మిసమ్మవైపు చెయ్యి చూపాడు.

సంచీ సైకిలుకి తగిలించుకున్నాడు. "పొద్దున్నే వచ్చెయ్ బాబాయ్. ఊరికే కూర్చుని చూద్దువుగాని" అంది దిమ్మిసమ్మ.

"చూద్దాంలే."

రానని చెప్పడానికి ఇష్టంలేని మనిషి అనే మాటే అది. ఆమెకీ తెలుసు. సైకిలు మలుపు తిరిగేదాకా నిలబడి, పనిముట్లు సర్దడానికి లోపలికి వచ్చింది. కిటికీ గట్టు మీద మధ్యాహ్నపు ఉండ కనిపించింది. కుప్పలో కలిపేద్దామని తీసి, మళ్ళీ అక్కడే పెట్టేసింది. దాని మీద మేస్త్రీ ఐదు వేళ్ళ గుర్తులూ కణుపుల దాకా దిగిపోయి ఉన్నాయి.