గురమ్మ కడుపు మీద చేతులు

నీలవేణి మొగుడు జగన్నాధానికి రోట్లో రుబ్బిన పిండి గారెలే కావాలి. ఆఫీసువాళ్ళని టిఫినుకి పిలిచి పెద్ద గిన్నెడు మినప్పప్పు నానబోయించాడు. తెల్లారకముందే నీలవేణి రోటి ముందు కూర్చుంది. మణికట్లు పీకేస్తున్నాయంటే అత్తగారు, "రుబ్బితే అరిగిపోతాయేటే సేతులు? ఆస్పత్రిలో నువ్వు సేసేదేటి, డాట్రు పక్కన నిల్సోడమే కదా!" అంది. మొగుడు నవ్వాడు. ఆ మాట కన్నా ఆ నవ్వుకి ఒళ్ళు మండింది.

డ్యూటీకి వెళ్ళేసరికి భోగాపురం వైపు పల్లె నుంచి గురమ్మ అనే నిండు గర్భిణిని తెచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ తప్పదు. డాక్టరు నారాయణమూర్తి ఆమె వెన్నులో మత్తు సూది వేసి వెల్లకిలా పడుకోబెట్టించారు. "నీలవేణీ, కడుపుని ఎడమకి నెట్టి పట్టుకో. బిడ్డ బయటికొచ్చేదాకా వదలకు." ఎందుకో నీలవేణికి తెలుసు. ఆ మత్తులో నిండు కడుపు బరువు లోపలి పెద్ద రక్తనాళం మీద పడితే తల్లికి బీపీ పడిపోతుంది, బిడ్డకి రక్తం అందదు. నిలబడి చేసే పనే మరి!

కాసేపటికి మణికట్టు మెలిపెట్టేసింది. చెయ్యి సడలింది. గుడ్డల కింద కదా, ఎవరూ చూడలేదు. "కళ్ళు తిరగతన్నాయి సిస్టరమ్మా" అంటూనే గురమ్మ వాంతి చేసుకుంది. బీపీ పడిపోయిందని ఎవరో కేకపెట్టారు. నీలవేణి పళ్ళు బిగించి మళ్ళీ నెట్టింది. సెలైన్ జోరు పెంచారు, మందిచ్చారు. ఆడపిల్ల నీలంగా బయటపడి, ఎంత రుద్దినా ఏడవక, చివరికి కేర్‌మంది.

"ఈవిడకి ఒంట్లో రక్తం లేదు, అందుకే" అన్నారు డాక్టరు. నీలవేణి నోరు విప్పలేదు. విప్పితే ఉద్యోగం పోతుందేమోనని భయం. ఆ భయానికి సిగ్గేసింది. అయినా విప్పలేదు.

సాయంత్రం వార్డులో గురమ్మ అత్త జగ్గమ్మ కోడల్ని కడిగేస్తోంది. "నీ ఒంట్లో సత్తువ నేకే నా మనవరాలు నల్లబడిపోనాది. డాట్రుబాబే సెప్పినాడు. పిల్లకేటైనా అయితే ఆ పాపం నీదే!"

గురమ్మ పిల్లని ముట్టుకోవడానికే జంకుతూ, "తప్పయిపోనాది తల్లీ" అని గొణుగుతోంది.

నీలవేణి ఇక వినలేకపోయింది. "ఆమె తప్పేటీ నేదు జగ్గమ్మా. నాది" అంది. జగ్గమ్మ నోరు తెరిచేలోపే డాక్టరు గదికి నడిచింది.

"బీపీ పడిపోయింది గురమ్మ ఒంట్లో రక్తం లేక కాదు సార్, నా చేతుల్లో బలం లేక. ఇకమీదట ఆ బలం ఇంట్లో ఖర్చుపెట్టి రాను."