నా మీదికి రాని కూర చేపలు

నేను ఒక కొలపలకను. మూరెడు టేకు చెక్క, ఒక చివర అడ్డుపట్టీ, ఒళ్ళంతా సెంటీమీటర్ల గీతలు. చేప మూతిని పట్టీకి ఆనిస్తే తోక ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాను. అబద్ధం చెప్పను. చెప్పానన్న పెద్దమనుషులు కూడా ఉన్నారు, వాళ్ళ కోసమే ఈ కథ.

నెల్లూరు తీరంలో ఒక రేవులో పడవలు కట్టే వడ్రంగి నన్ను చెక్కి, సర్వే ఉద్యోగంలో చేరిన పామంజి దేవసేన చేతికిచ్చాడు. ఆమె పుట్టిందీ ఆ రేవులోనే. తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి పోతూ, ఏ రేవులో ఏ చేపలు ఎంతెంత పొడవున పడుతున్నాయో రాయడం మా పని. దక్షిణాన బుట్టలకొద్దీ చూసిన చేప ఉత్తరానికి పోయేసరికి ఒకటో రెండో కనిపించేది. దాని చోట ఇంకోటి వచ్చేది. సముద్రమంతా ఒకటేనని చెప్పేవాళ్ళు ఏనాడూ ఒడ్డున గొంతుక్కూర్చుని చూసి ఉండరు.

శ్రీకాకుళం వైపు ఒక చిన్న రేవులో మా పుస్తకం బోసిపోయింది. నెల్లూరు రేవులో నలభై ఒక్క రకాలు, ఇక్కడ తొమ్మిదే. దేవసేన అదే రాసి పంపింది. ఆఫీసులో పెద్దసారు, ఉత్తరానికి పోయేకొద్దీ రకాలు తగ్గుతాయని తేల్చేశాడు. ఆ కాగితం చూపించి, చేపల్లేని నీళ్ళేగా, బొగ్గు ఓడలకు జెట్టీ కడతామన్నారు పై అధికారులు. రేవు పోతుందని ఊరు ఊరంతా మా మీద పడింది.

చేపలమ్మే సూరాడ కాసులమ్మ నన్ను దేవసేన ఒళ్ళోంచి లాక్కుంది.

"దీని మీదికొచ్చేవి ఏలంపాటలో అమ్ముడయ్యే పెద్ద సేపలే అమ్మీ. సిన్నవన్నీ కూరకని పడవలోనే పంచీసుకుంటాం. రా, మా కుండ సూడు."

దేవసేన ముఖం పాలిపోయింది. "మా కాడ పాట అయినాకే కూర చేపలు తీస్తారు. ఈడా అంతే అనుకున్న్యా" అంది మెల్లగా.

చూశారా? పొరపాటు ఆమెది. నా మీద పెట్టని చేపను నేనెట్లా కొలుస్తాను?

ఆ తర్వాత నెలరోజులు ఇల్లిల్లూ తిరిగాం. పసుపు, కారం పట్టించిన చేపల్ని కూడా కడిగించి కొలిచింది మహాతల్లి. ఆడవాళ్ళు తిట్టుకుంటూనే ఇచ్చారు. మొత్తం ముప్పై ఆరు రకాలు తేలాయి. వాటిలో పదకొండు మేం నెల్లూరులో ఎన్నడూ చూడనివి. ఉత్తరానికి వస్తే రకాలు మారాయి గానీ మాయం కాలేదు.

పెద్దసారు పుస్తకం తిరగేసి, "పలక నీళ్ళకు ఉబ్బింది. ఈ కొలతలు చెల్లవు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. దేవసేన స్టీలు స్కేలు తీసి నా మీద పెట్టింది. గీతకు గీత సరిపోయింది.

"తప్పు పలకది కాదు సార్, నాది. అదే రాసుకోండి."

రాసుకున్నారు. జెట్టీ ఆగింది, ఆమె ఉద్యోగం పోయింది. ఆఫీసు ముద్ర ఉందని నన్ను ఆమెతో పోనివ్వలేదు.

ఇప్పుడు అద్దాల బీరువాలో ఉన్నాను. కింద చీటీ అంటించారు: 'పాత కొలపలక. వాడుకలో లేదు.' ఎవరయ్యా చెప్పింది? నా గీతల్లో ఆ ఊరి చేపల పొలుసులు ఇంకా ఉన్నాయి. అద్దం తీసి ఒక చేపను పెట్టి చూడండి. పాటలోది వద్దు, కూరకుండలోది తీసుకురండి.