పువ్వును పేరుపెట్టి పిలిచిన పూట

బస్తరు అడవుల్లోని గొల్లపల్లిలో జీపు దిగగానే బిందుకు ఇప్పపూల వాసన తగిలింది. ఆ వాసనకే కళ్లు చెమర్చాయి, పిచ్చి పిల్లకి. చిన్నప్పుడు వాళ్ల నాన్న హరిబాబు ఈ ఊళ్లోనే కిరాణా కొట్టు నడిపాడు. నక్సలైట్ల గొడవల రోజుల్లో కొట్టు మూసేసి కుటుంబంతో భద్రాచలం చేరాడు. ఇప్పుడామె హైదరాబాదులో ప్రజారోగ్యంలో పీజీ చేస్తోంది. ఊరి ఆరోగ్య కార్యకర్తలను ఈ రాష్ట్రంలో మితానిన్లంటారు. వాళ్లు పని ఎందుకు మానుకుంటున్నారు, ఏం చేస్తే నిలబడతారు అన్నది ఆమె పరిశోధన. బస్తరులో ఊళ్లకేం కొదవ? అయినా పట్టుబట్టి ఈ ఊరే ఎంచుకుంది. ఎందుకంటే ఇక్కడి మితానిన్, సన్నే అనే ఆమె, బిందుకు పువ్వు.

ఇద్దరు ఆడపిల్లలకు ప్రాణస్నేహం కుదిరితే ఇక్కడ పెద్దల ముందు ఒకరి చెవిలో ఒకరు పువ్వు పెట్టుకుంటారు. ఆనాటి నుంచి చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు పలకరు. "పువ్వా" అనే పిలుచుకుంటారు. పేరు నోట జారిందా, బంధం అంతటితో సరి. బిందు, సన్నే చిన్నప్పుడే మోదుగపూలు పెట్టుకున్నారు. ఏట్లో చేపలకు దిగినా, బడి ఎగ్గొట్టి తునికిపళ్లకు పోయినా కలిసే. ఆ తర్వాత దెబ్బలు తిన్నదీ కలిసే. ఎంత బాగుండేవో ఆ రోజులు.

మధ్యాహ్నం బిందుతో మాట్లాడడానికి పంచాయతీ భవనంలో చుట్టుపక్కల మితానిన్లంతా కూర్చున్నారు. సన్నే వెనక వరసలో ఉంది. బాగా చిక్కిపోయింది, మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆమెను చూసిన సంతోషంలో బిందుకు ఒళ్లు తెలియలేదు.

"ఈమే మా సన్నే. మేమిద్దరం ఇక్కడే పెరిగాం" అనేసింది అందరి ముందూ.

అంత చదువూ బుర్రలో పట్టింది గానీ ఈ ఒక్క ముక్క నిలవలేదు చూడండి. సన్నే సంచీ భుజాన వేసుకుని, ఎవరివైపూ చూడకుండా లేచి వెళ్లిపోయింది.

ఉప్పలమ్మ అని, అందరిలోకి పెద్ద మితానిన్, బిందు పక్కకు వచ్చి కూర్చుంది. "ఏంది బిడ్డా, ఎంత పని చేస్తివి. ట్రైనింగుల ఇంకో బిందు ఉంటే, నీ పేరేనని నీ పువ్వు ఆ పిల్లను గూడ పేరుపెట్టి పిలవలే" అంది. సన్నే ఈ పని మానేద్దామనుకుంటోందట. నా పువ్వు వస్తది, దానికొక మాట చెప్పి మానేస్తా అని ఇన్నాళ్లూ ఆగిందట. బిందు దిగ్గున లేచింది. పరిశోధన ఏ గంగలో కలిసినా సరే, తన పువ్వు తనకు దక్కితే చాలనుకుంది.

దారిలో మోదుగపువ్వొకటి కోసుకుని సన్నే ఇంటికి పరుగెత్తింది. సన్నే వాకిట్లో ఇప్పపూలు ఎండబోస్తోంది. బిందు ఎదురుగా చతికిలబడి, పొరపాటైపోయిందని, మళ్లీ పువ్వు పెట్టుకుందామని బతిమాలింది.

"కోపమొచ్చి లేచొచ్చిన అనుకున్నవా? ఏడుపొచ్చింది" అంది సన్నే. "దవాఖానల మితానిన్ అంటరు. ఊళ్లె మితానిన్ అంటరు. మా ఆయన గూడ అట్లనే పిలుస్తడు. మా అమ్మ పోయినంక నా పేరు పలికినోళ్లు లేరు. ఇయ్యాల నీ నోట విన్న."

బిందు చెయ్యి చాచి పువ్వు అందించబోయింది. సన్నే ఆ చెయ్యి మెల్లగా పక్కకు జరిపింది.

"అది పోయింది, మళ్ల కట్టేది కాదు. నీ చదువు కాయితాలల్ల మాత్రం నా పేరు రాయి."

బిందు తల దించుకుంది. అలాంటి పరిశోధనల్లో ఎవరి పేర్లూ రాయకూడదు, వాళ్ల క్షేమం కోసమే ఆ నియమం. సన్నే అందులో 'మితానిన్ ఏడు' అవుతుంది. అబద్ధం చెప్పలేక ఆ మాటే చెప్పింది.

సన్నే ఎండబోసిన పూలు కెలికింది. "దాంట్ల గూడ మితానినేనా" అని నవ్వింది.

"పోనీ, నువ్వన్న పిలువు."

పిలిస్తే ఆ చిన్నప్పటి బంధం పోయిందని తనే ఒప్పుకున్నట్టు. పిలవకపోతే, ఈ మనిషిని ఆ పేరుతో పిలిచేవాళ్లు లోకంలో ఇంకెవరూ లేరు. బిందు చేతిలో పువ్వు కింద పెట్టింది.

"సన్నే."

"ఓయ్" అంది సన్నే. "ఇంకోపాలి పిలువు."