బేగంపేట నుంచి మద్రాసుకి ఎంతసేపు?

మా ఆయన అనంతరామయ్యగారు ఊరికి బయల్దేరినప్పుడల్లా నాకు చీపురు నుంచి సెలవు. వెళ్ళిన మనిషి పొలిమేర దాటేదాకా ఇల్లు ఊడవకూడదని మా అత్తయ్య వెంకాయమ్మగారి పట్టింపు. జగ్గయ్యపేటలో బస్సెక్కిన మనిషి పొలిమేరలోని గరికపాడు దాటడానికి ఎంతసేపు? నా కాఫీ చల్లారకముందే ఆ సెలవు అయిపోయేది.

ఈసారి కంపెనీవాళ్ళు ఆయన్ని హైదరాబాదు నుంచి మద్రాసుకి విమానంలో పంపుతున్నారు. వారం రోజులుగా ఇంటికి ఎవరొచ్చినా అదే పాఠం. "బేగంపేట నుంచి మద్రాసు మూడువందల ఇరవై మైళ్ళండి. రెండు గంటల్లో దిగుతాం!" ఆ రెండు గంటల కోసం చొక్కాలకు గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, పులిహోర కలిపి, ఆయన నెత్తినే ఉన్న కళ్ళజోడు ఇల్లంతా వెతికేసరికి నాకు రెండు రోజులు పట్టింది. దాన్ని మైళ్ళలో ఎవరూ చెప్పరు.

విమానం లేచే రోజునే నందిగామ ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు పనికి నాకు ఇంటర్వ్యూ. గుంటూరులో లెక్కలు తీసుకుని బి.ఏ. చదివిన దాన్ని. అత్తయ్య వింటుండగానే చెబితే ఆయన నవ్వారు. "నువ్వెళితే ఇంట్లో ఇంత పని ఎవరు చేస్తారే?" పోయిన నెల పనిమనిషిని పెట్టుకుందామంటే, "ఇంట్లో నీకు పనేముంది?" అన్నదీ ఆయనే. ఈ రెండు మాటల మధ్య దూరం నా బి.ఏ.కి అందలేదు.

ముందురోజు ఆయన హైదరాబాదు బస్సెక్కారు. తెల్లారి నేను చీపురు అందుకోబోతుంటే అత్తయ్య అడ్డొచ్చారు.

"ఆగవే చూడామణీ. ఇవాళ వాడు గాల్లోకి లేస్తాడుగా, అది వేరే ప్రయాణం. ఆకాశంలో పొలిమేర ఎక్కడుంటదే?"

"ఉండదండి. మద్రాసులో దిగితేనే దాటినట్టు."

"ఎంతసేపు పడుద్ది?"

నందిగామకి బస్సు పోను గంట, రాను గంట, మధ్యలో వాళ్ళడిగే ప్రశ్నలు. మనసులో కూడుకున్నాను. "నాలుగు గంటలండి," అన్నాను, నేల చూస్తూ.

ఆవిడ నా మొహంలోకి చూశారు. 'రెండు గంటల' పాఠాన్ని వారమంతా నా పక్కనే కూర్చుని విన్నావిడే. దొరికిపోయాను, నందిగామ పోయింది అనుకున్నాను.

అత్తయ్య నా చేతిలో చీపురు లాగి తలుపు మూలన పెట్టారు. "పొయ్యి కూడా ముట్టుకోమాక. నాకు నిన్నటి పులిహోర చాలు. వాడు దిగేదాకా ఖాళీగా కూర్చుని ఏం చేస్తావు? ఆ నందిగామేదో పోయి రా."

నేను మంచి చీర కోసం పెట్టె తెరిచాను.

"మీ మావగారు ఎన్ని పొలిమేరలు దాటారో ఈ చీపురుకి తెలుసు," అన్నారావిడ. "నేనే ఒక్కటీ దాటలా."

చీర కట్టుకుని గుమ్మం దిగాను. వెనకనుంచి పిలిచారు. వెళ్ళేవాళ్ళని వెనక్కి పిలవకూడదన్న పట్టింపు కూడా ఆవిడదే.

"ఒసే, నాలుగు గంటలు చాలవేమోనే. ఇవాళ వాడికి ఎదురుగాలి గట్టిగా ఉన్నట్టుంది. ఆరనుకుందాం."

వీధిలో ఒక్క ఆకు కదలడం లేదు.