అందరికీ అవే కళ్లు

"మీ బొమ్మల్లో వాళ్లంతా ఒక్క తల్లి కడుపున పుట్టినట్టుంటారేంటండీ?" అంది భార్య, ట్యాబ్ తెర మీద ఒక్కో బొమ్మనీ వేలితో పక్కకి తోస్తూ.

లిఫ్టు మెకానిక్ బూట్ల తాళ్లు బిగించుకుంటూ నవ్వాడు. "దాన్నే శైలి అంటారు. నీకు తెలీదులే."

"ఏం శైలో! మా పెద్దమ్మా, బస్సు డ్రైవరూ, కింది వాటా ఆవిడా... ముగ్గురూ నన్ను ఒకేలా చూస్తున్నారు. నేనేదో వాళ్లకి సంజాయిషీ చెప్పాల్సినట్టు."

ఆ మాట అతను అప్పుడే చెవిన పెట్టాల్సింది. బస్సుకి టైమైందని ట్యాబ్ లాక్కుని వెళ్లిపోయాడు.

అతనికి బొమ్మల పిచ్చి అంటించినవాడు రంగులాయన. మార్కెట్ వెనక సందులో చిన్న కొట్టు. విరిగిన క్రేయాన్లు తూకం లెక్కన, లేబుల్ చిరిగిన రంగు ట్యూబులు సగం ధరకి, ప్రెస్సులో మిగిలిన కాగితపు ముక్కలు పుస్తకాలుగా కుట్టి అమ్మేవాడు. ఎవరైనా ఖరీదైన బ్రష్షు అడిగితే తిట్టేవాడు కూడా. "ముందు ఈ బోడి బ్రష్షు అరగదీసి రా, తర్వాత చూద్దాం" అనేవాడు. మెకానిక్ ఎవరో వాడి వదిలేసిన పాత ట్యాబ్ కొనుక్కొచ్చి, దాంట్లోకి ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావు బాబాయ్ అని అడిగితే, తల అడ్డంగా ఊపాడు.

"కొనకు అబ్బాయ్. ఊరికే దొరికేదాంట్లోనే నీకు కావలసినదానికన్నా ఎక్కువ ఉంటుంది. అందులో లేనిదల్లా చూపొక్కటే. అది నువ్వు తెచ్చుకోవాలి."

మెకానిక్‌కి ముక్కులు వచ్చేవి, చెవులు వచ్చేవి. కళ్లు మాత్రం చచ్చిన చేపల్లా వచ్చేవి. అది చూడలేక ఒక సెలవు రోజు రంగులాయన కొట్టు తలుపు సగం దించి, దీపం కింద స్టూలేసుకుని కూచున్నాడు.

"నన్ను చూడు. కన్ను గీయకు. రెప్ప కింద నీడ గీయి. కన్ను అదే వస్తుంది."

ఆ మధ్యాహ్నమంతా ఆయన కదలకుండా కూచున్నాడు. మెకానిక్ గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. పొద్దు వాలే వేళకి రెండు కళ్లు వచ్చాయి. బతికున్న కళ్లు. తన చేత్తో అంత బాగా ఎప్పుడూ ఏదీ గీయలేదు. ఇక ముందు గీయగలడన్న నమ్మకమూ లేదు. అందుకే ఆ రెండింటినీ కత్తిరించి ట్యాబ్‌లో విడిగా దాచుకున్నాడు.

అప్పట్నుంచి ఏ ముఖం వేసినా కళ్ల దగ్గరికొచ్చేసరికి వాటినే తెచ్చేవాడు. కాస్త వంచి, కాస్త చిన్నవి చేసి, అంచులు మెత్తబరిచి అతికించేవాడు. మళ్లీ కన్ను గీయలేదు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటమూ మానేశాడు. రెడీగా ఉన్నవాటికి చూడటమెందుకు?

ఆ రోజు బస్టాండులో అతనికి ఎదురుగా బల్ల మీద ఒక గడ్డపాయన కూచున్నాడు. తలకి టోపీ. ఒళ్లో తలపెట్టి ఒక పిల్ల నిద్రపోతోంది. పసుపుపచ్చ గౌను, ఒక కాలికి చెప్పు లేదు. ఆయన పక్కనున్న సంచీ మెకానిక్ దృష్టిని లాగింది. తెగిన పట్టీని ఎర్ర బూటు తాడుతో రెండుచోట్ల ముడేసి కట్టారు. ముందు దాన్ని గీశాడు. తర్వాత టోపీ, గడ్డం, చేతులు, ఒళ్లో పిల్ల. ఇంతలో బస్సొచ్చింది.

మిగతాది భోజనాల వేళ, ఇరవై అంతస్తుల ఆఫీసు మీద లిఫ్టు మెషిన్ రూమ్‌లో పూర్తిచేశాడు. అంటే, కళ్లు అతికించాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి టీవీలో పసుపుపచ్చ గౌను. పిల్ల పొద్దున్నుంచీ కనబడటం లేదు. తల్లి పండ్ల దుకాణంలో బేరమాడి వెనక్కి తిరిగేసరికి మాయమైంది.

"ఇదిగో, ఈ పిల్లే!" అన్నాడు మెకానిక్. ట్యాబ్ తెరిచి భార్యకి చూపించాడు.

భార్య ట్యాబ్ చూసింది, టీవీ చూసింది. "ఇంకా కూచున్నారేంటి? లేవండి!"

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ బొమ్మని చూసి కుర్చీలోంచి లేచాడు. "బస్టాండులో కెమెరాలు పండక్కి కట్టిన తోరణాలయ్యా. ఒక్కటీ పనిచెయ్యదు. నువ్వు దేవుడిలా వచ్చావు. ముఖం సరిగ్గా ఇదేనా?"

"ఇదే సార్."

ఆ క్షణంలో అతను అబద్ధం చెప్పలేదు. కళ్ల సంగతి అతనికి గుర్తే లేదు. చేతికి అంతగా అలవాటైపోయింది.

తెల్లారేసరికి ఆ ముఖం గోడల మీద, బస్సుల వెనక, ప్రతి ఫోన్‌లో ఉంది. చుట్టుపక్కల ఊళ్ల బస్టాండులకీ వెళ్లింది. ఆఫీసు గేటు దగ్గర పిల్ల తల్లి నిలబడి ఉంది. అతని చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. "మీ చెయ్యి బంగారం అన్నయ్యా. మీరు చూశారు కాబట్టి ఆశగా ఉంది" అంది.

లిఫ్టు ఎక్కిన ప్రతివాడూ భుజం తట్టాడు. పదో అంతస్తు మేనేజరమ్మ అందరి తరఫునా కబురు చెప్పింది. "సాయంత్రం చిన్న సభ పెడుతున్నాం. మీకు కొత్త ట్యాబ్. నొక్కేకొద్దీ గీత లావవుతుందే, ఆ పెన్ను ఉన్నది. ఇంకా ఆ పాత పలక మీదేనా మీరు గీసేది?"

అలాంటి దాన్ని అతను దుకాణం అద్దం ఇవతల నుంచే చూసి వచ్చేవాడు ఎప్పుడూ.

ఆ సంతోషంతో టీ తాగుదామని రోడ్డు దాటాడు. బస్‌స్టాపు గోడ మీద తన బొమ్మ, మనిషంత ఎత్తున. టోపీ కింద నుంచి రెండు కళ్లు అతన్నే చూస్తున్నాయి. ఓపిగ్గా, కాస్త కొంటెగా. 'కన్ను గీయకు, అబ్బాయ్' అన్నట్టు.

టీ తాగకుండానే గ్లాసు కొట్టు బల్ల మీద పెట్టేశాడు. అందరూ ఒకేలా చూస్తున్నారన్న భార్య మాట ఇప్పుడు చెవిలో మోగింది.

వెంటనే ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేయాలి. నంబరు తీశాడు. వేలు దాని మీద ఆగింది. గడ్డం సరైనదే కదా, టోపీ సరైనదే. రంగులాయనకి గడ్డమే లేదు. కళ్లు చూసి ఎవడు పడతాడు? ఇప్పుడు చెబితే 'బొమ్మలో సగం దొంగ సరుకా' అంటారు. సాయంత్రం సభ ఉంది. అది కాగానే తిన్నగా స్టేషన్‌కే వెళ్దాం.

ఫోన్ జేబులో పెట్టేశాడు.

సాయంత్రం మీటింగ్ హాల్లో చప్పట్ల మధ్య మేనేజరమ్మ డబ్బా అందించింది. రంగు కాగితం చుట్టి ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూచున్నాడో లేదో, వెనక వరసలో ఎవడో అరిచాడు.

"దొరికాడు! పట్టేశారు! మార్కెట్ వెనక సందులోనే ఉన్నాడంట!"

ఫోన్ చేతులు మారుతూ ముందుకొచ్చింది. వీడియోలో జనం. పగిలిన అద్దం. నేల మీద చిట్లిన ట్యూబులు, వాటి మీద పరిగెత్తే బూట్లు. మధ్యలో రెండు చేతులూ తల మీద పెట్టుకుని రంగులాయన.

"వీడే, ఆ కళ్లు చూడు!" అంటోంది ఒక గొంతు.

"గడ్డమేదిరా?"

"గీయించేసుకున్నాడు! ఆ మాత్రం తెలివుండదా?"

మెకానిక్ లేచాడు. ఒళ్లో డబ్బా కిందపడింది. ఎవరో "జాగ్రత్త, కొత్తది!" అన్నారు. అప్పటికే అతను మెట్ల మీద ఉన్నాడు. ఊళ్లో సగం లిఫ్టులు బాగుచేసే మనిషి, తన లిఫ్టు కోసం ఆగలేక, అన్ని అంతస్తులూ దూకుతూ దిగాడు.

స్టేషన్‌లో రంగులాయన బల్ల మీద కూచుని ఉన్నాడు. పెదవి చిట్లింది. చొక్కా మీద నీలం, ఎరుపు మరకలు. ఏది రంగో ఏది రక్తమో తెలీదు. మెకానిక్‌ని చూడగానే ఆయన ముఖం వెలిగింది.

"వచ్చావా అబ్బాయ్! చెప్పు వీళ్లకి. నువ్వు చూశావటగా ఆ మనిషిని. నేను కాదని చెప్పు."

మెకానిక్ ఆయన వైపు చూడలేకపోయాడు. పాత ట్యాబ్ ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాడు.

"ఈయన కాదు సార్. కళ్లు మాత్రం ఈయనవే."

"తాగొచ్చావా?"

"బొమ్మ పొరలు పొరలుగా ఉంటుంది సార్. గాజు పలకల్ని ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు. ఇది కళ్ల పొర." వేలితో నొక్కి దాన్ని కనబడకుండా చేశాడు.

ముఖంలో కళ్లుండాల్సిన చోట రెండు తెల్లటి ఖాళీలు మిగిలాయి.

ఇన్‌స్పెక్టర్ ముందుకి వంగి ఆ ఖాళీల్ని చూశాడు. "మరి వాడి కళ్లెలా ఉంటాయి?"

"తెలీదు సార్. చూడలేదు."

"ఎదురుగా కూచుని గీశావు కదయ్యా!"

"కళ్లు నా దగ్గర ముందే ఉన్నాయి సార్. అందుకని చూడలేదు."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి లేచి, కొట్టబోయి, టేబుల్ మీద పడింది. "ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున."

బల్ల మీద రంగులాయన తల తిప్పుకున్నాడు. ఆ ఒక్క మాట దాకా ఆయన ఆశగా వింటూనే ఉన్నాడు.

"నువ్వు నిజంగా చూసిందేమిటో అది చెప్పి చావు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సంచీ చూశాను. పట్టీ తెగితే ఎర్ర బూటు తాడుతో కట్టాడు. రెండు ముడులు. అది మాత్రం చూసి వేశాను సార్. ఒట్టు."

ముఖం తీసేసి సంచీ ఒక్కటే మళ్లీ పంపారు.

మర్నాడు పక్క ఊరి బస్టాండులో సామాన్ల గది గుమస్తా, అరలో ఉన్న సంచీకి ఎర్ర తాడు చూసి ఫోన్ చేశాడు. దాన్ని తీసుకోవడానికొచ్చిన మనిషిని అక్కడే పట్టుకున్నారు. పిల్ల ఒక మూసిన గోడౌన్‌లో దొరికింది. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. కానీ బతికుంది.

ఇన్‌స్పెక్టర్ మెకానిక్‌ని పిలిపించి మరీ ఆ గుమస్తా చెప్పింది వినిపించాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

"నిన్న మధ్యాహ్నమే సంచీ పెట్టడానికి వచ్చాడు సార్, పిల్లతో. గోడ మీద మీ బొమ్మ ఉంది. నాకు అనుమానమొచ్చింది. గడ్డం అదే, టోపీ అదే. దగ్గరికెళ్లి బొమ్మతో పోల్చి చూశాను. కళ్లు కలవలేదు సార్. వాడివి చిన్నవి, లోపలికి పోయి ఉన్నాయి. పాపం ఎవరో తండ్రి, ఏడుస్తున్న పిల్లని ఎందుకు ఇబ్బంది పెట్టాలని వదిలేశాను."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేశాడు. "ఇక వెళ్లొచ్చు" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం. అప్పుడు మెకానిక్ మెషిన్ రూమ్‌లో కూచుని, సభలో ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తున్నాడు.

కొత్త ట్యాబ్ అతను తీసుకోలేదు. మేనేజరమ్మ కూడా మళ్లీ అడగలేదు. పిల్ల ఇంటికొచ్చాక తల్లి ఆఫీసు గేటు దగ్గరికి మళ్లీ రాలేదు.

చాన్నాళ్లకి ధైర్యం చేసి కొట్టుకి వెళ్లాడు. పగిలిన అద్దం స్థానంలో అట్టముక్క ఉంది. లోపల దీపం వెలుగుతోంది. రంగులాయన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూచున్నాడు.

"ఏం కావాలండీ?"

అండీ అన్నాడు. మెకానిక్ ఏమేమో చెబుదామని తయారై వచ్చాడు. తీరా అడిగింది ఇదొక్కటే.

"గోధుమరంగు ట్యూబు, బాబాయ్."

ఆయన లేచి అరలో తడిమాడు. ఒక ట్యూబు తీసి అద్దాలకి దగ్గరగా పెట్టుకున్నాడు. లేబుల్ సగం చిరిగిపోయి ఉంది. మూత దగ్గర అంటిన రంగు చూసి, తల ఊపి, అందించాడు. అది ముదురాకుపచ్చ.

మెకానిక్ తీసుకున్నాడు. "అద్దాలు తీసేయొచ్చు కదా బాబాయ్. నువ్వు కాదని పేపర్లో కూడా వేశారు."

"వేశారు. బొమ్మేమో పెద్దగా వేశారు, ఆ ముక్కేమో చిన్నగా వేశారు." ఆయన గొంతులో కోపం లేదు. "కళ్లు కనబడితే పిల్లలు వాళ్లమ్మల వెనక దాక్కుంటున్నారండీ. వాళ్ల తప్పేముంది? క్రేయాన్లు కొనేది వాళ్లే మరి. ఇదే నయం."

"నేను..."

"ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. బాగా వేశారు. కాస్త చెడగొట్టి ఉంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు."

తర్వాత ఎవరో ఆడమనిషి పిల్లాడితో వచ్చింది. రంగులాయన అద్దాలు ముక్కు మీదికి గట్టిగా తోసుకుని వాళ్ల వైపు తిరిగాడు.

ఇంటికొచ్చాక భార్య ట్యూబు చూసింది. "గోధుమరంగు అన్నారు కదా, ఆకుపచ్చ తెచ్చారేంటి? వెళ్లి మార్చుకు రండి."

"ఇదే కావాలి" అన్నాడు.

ఆమె ట్యూబు బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లింది. ఈమధ్య అతని బొమ్మల గురించి జోకులు వెయ్యడం లేదు.

పాత ట్యాబ్ తీసి, విడిగా దాచుకున్న కళ్లు తెరిచాడు. వేలు నొక్కి పట్టాడు. తొలగించాలా అని యాప్ అడిగింది.

సగం దించిన తలుపు, దీపం, స్టూలు మీద కదలకుండా కూచున్న మనిషి. ఆ రెండు కళ్లు అతన్ని ఇంకా అబ్బాయ్ అని పిలుస్తున్నట్టే చూస్తున్నాయి. ప్రపంచంలో ఇంకెక్కడా అవి అలా చూడవు.

వద్దు అని నొక్కి, ట్యాబ్ బోర్లించి పెట్టాడు.